ముందు వర్డెల్ నిలబడి చూడాలి

ఫోనులో, పక్షులు చూసేవాళ్ళు వాడే మ్యాపులో, ఆ చోటు పక్కన ఎవరో ఇలా రాసిపెట్టారు: "చేపల చెరువు గట్టు మీదికి బండి వెళ్తుంది. యజమాని మంచివాడు. పక్షులు చూసేవాళ్ళంటే అభిమానం. గేటు దగ్గర చెయ్యూపితే చాలు."

వర్డెల్ టాలివర్ కారు ఇంజను ఆపకుండానే ఆ మాటల్ని మళ్ళీ చదువుకుంది. మంచివాడే కావచ్చు, కాదనడానికి తనెవరు? ఎవరికి మంచివాడన్నదే తేలాలి. చెయ్యూపినవాళ్ళ చెయ్యి ఏ రంగుదో రాసినాయన రాయలేదు. రాయాలన్న ఆలోచన ఆయనకి వచ్చి ఉండదు.

గేటుకి అవతల ఇంటి అరుగు మీద ఒక ముసలాయన కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వర్డెల్ కిటికీ అద్దం దించి చెయ్యి పైకెత్తి ఊపింది. ఆయన ఊపలేదు. ఎండ కళ్ళల్లో పడి కనబడలేదేమో. లేక బాగానే కనబడిందేమో. గేటుకి కట్టిన బోర్డు మీద "అనుమతి లేకుండా వస్తే మా కుక్క కరవదు, మా తుపాకీ కరుస్తుంది" అని ఉంది. హాస్యానికే రాసి ఉంటారు. ఆమె అద్దం పైకెత్తి, బండిని మెల్లగా ముందుకి పోనిచ్చింది. చెరువులో నల్లగా కనబడ్డ పక్షులు ఏమిటో చూడనేలేదు.

అది ఫిబ్రవరి చివర, మంగళవారం. శనివారం చర్చి వ్యానులో, పక్షులు చూసే తన జట్టు ఆడవాళ్ళని ఆమె ఈ ఆర్కన్సా రాష్ట్రపు వరి పొలాల మధ్యకి తీసుకురావాలి. ఈ చుట్టుపక్కల ఒక్క ఊరూ ఆమెకు తెలియదు. తీసుకువచ్చి నిలబెట్టడానికి ఒక్క చోటు దొరక్కపోతే జట్టు ఇక ఉండదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

వర్డెల్ సగం జీవితం మెంఫిస్‌లో సిటీ బస్సు తోలుతూ గడిచింది. చివరి స్టాపులో బస్సు తిప్పుకునే ముందు కాసేపు ఆపుకోనిస్తారు. ఎదురుగా కూల్చేసిన ఇళ్ళ ఖాళీ జాగా, దాని మీదుగా కరెంటు తీగ. ఒకరోజు ఆ తీగ మీద పావురమంత లేని డేగ ఒకటి ఎలుకపిల్లని చీల్చుకుని తింటోంది. వీపు ఇటుక రంగు, రెక్కలు నీలం. ఇంత అందమైనది ఈ దిక్కుమాలిన స్టాపులో ఇన్నేళ్ళూ ఉందా, తను చూడలేదా అని ఆమెకు ఒళ్ళు మండింది. మర్నాడే తాకట్టు దుకాణంలో పాత బైనాక్యులర్స్ కొనుక్కుంది. రిటైరయ్యాక ఈ పిచ్చిని, తనలాగే నల్లజాతివాళ్ళైన తన చర్చి ఆడవాళ్ళకి అంటించింది.

"పక్షి అంటే నాకు వేయించిందే తెలుసు తల్లీ," అని బర్నెటా మొదట్లో ఎద్దేవా చేసింది. ఆర్నెల్లు తిరిగేసరికి వంటింటి కిటికీ దగ్గర పుస్తకం పెట్టుకుని, పిచ్చుకల్లో ఏది ఏదో మొగుడికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. అలా తొమ్మిదిమంది జట్టుకట్టారు. అందరికంటే పెద్దది ఒడెల్. డెబ్బై దాటాయి. ఆస్పత్రిలో రోగుల్ని ఎత్తి ఎత్తి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి.

నిరుడు వసంతంలో ఇంకో జిల్లాలో, సరస్సు పక్క రోడ్డు మీద వీళ్ళంతా నిలబడి ఒక నీలిరంగు పిట్టని చూస్తున్నారు. ఎవరో ఫోన్ చేశారు, కొందరు మా ఇళ్ళని పరిశీలిస్తున్నారని. రెండు పోలీసు బళ్ళు వచ్చాయి. అందర్నీ చేతులు కనబడేలా నేల మీద కూర్చోబెట్టారు. సంచులు బోర్లించి వెతికారు. ఒడెల్ బీపీ మాత్రలు గడ్డిలో దొర్లిపోయాయి. చివరికి "సరే, వెళ్ళొచ్చు" అన్నారు. ఒడెల్ లేవలేకపోయింది. ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది. క్షమించమన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ తర్వాత జట్టు ఎక్కడికీ వెళ్ళలేదు.

ఈ జనవరిలో ఒడెలే కదిపింది. "ఇంకొక్కసారి వస్తా. కానీ ముందు నువ్వు వెళ్ళి నిలబడి చూడాలి, వర్డెల్. బండిలోంచి చూసి బాగుందనడం కాదు. దిగి నిలబడాలి. ఏం జరుగుతుందో చూసి వచ్చి చెప్పాలి."

అందుకే ఈ మంగళవారం.

చేపల చెరువు వదిలి ఆమె తూర్పుకి తిరిగింది. ఎటు చూసినా వరి కోసిన మోళ్ళు, మధ్యమధ్య నిలవబెట్టిన నీళ్ళు, గట్లు. కొత్త రోడ్డు ఎక్కినప్పుడల్లా ఆమె కళ్ళు ముందు చూసేది పక్షుల్ని కాదు. వ్యాను ఎక్కడ తిప్పొచ్చు, పక్కనుంచి లారీ పోతే చోటుంటుందా, దగ్గర్లో ఇల్లుందా, ఆ ఇంటి కిటికీలు ఇటువైపున్నాయా. ఎదురొచ్చిన ప్రతి ట్రక్కులోనూ చెట్ల రంగు చొక్కాలు, వెనక అద్దానికి తుపాకులు. వేట కాలం ఇంకా అయిపోలేదు. ఒక ట్రక్కు చాలాసేపు ఆమె వెనకే వచ్చి, దాటి వెళ్ళిపోయింది. స్టీరింగు చక్రం చెమటతో జారింది.

అప్పుడు వినబడింది. కిటికీ అద్దాలు మూసి ఉన్నా వినబడింది. వేల గొంతులు ఒక్కసారి ఎత్తినట్టు మంచు బాతుల అరుపు. రోడ్డు వంపు తిరగ్గానే కుడివైపు పొలమంతా తెల్లగా ఉంది. ఉత్తరాన మంచులోంచి వచ్చి చలికాలం ఈ మోళ్ళలో గింజలేరుకునే పెద్దబాతులు, వందలు వందలు. ఇళ్ళు లేవు. రోడ్డు పక్కన వ్యాను ఆపుకోవడానికి వెడల్పాటి జాగా కూడా ఉంది. దొరికింది అనుకుంది వర్డెల్.

బస్సు అలవాటు కొద్దీ కారు హెచ్చరిక దీపాలు వేసి దిగింది. నారింజ రంగు కోటు వేసుకుంది. లైసెన్సు జేబులో ఉందో లేదో పైనుంచి తడిమి చూసుకుంది. పొలంలో కాలు పెట్టకుండా, రోడ్డంచునే నిలబడి, మూడుకాళ్ళ స్టాండు మీద టెలిస్కోపు బిగించి కన్ను ఆనించింది.

ఎంత తెలుపు! ఒడెల్ దీన్ని చూస్తే ఏమంటుందో అనుకుంటూ ఆమె ఒక్కొక్క బాతునే చూడసాగింది. ఏదీ తల దించడం లేదు. తినడం లేదు. గాలి వీస్తే అన్నీ ఒకేలా ఊగుతున్నాయి. అరుపు కూడా ఎక్కడో ఆగి మళ్ళీ మొదటినుంచి అదే వరసలో వస్తోంది. టెలిస్కోపుని ఒకదాని కాళ్ళ మీదికి దించింది. కాళ్ళు లేవు. నేలలో గుచ్చిన పుల్ల, దానికి తొడిగిన తెల్లగుడ్డ ఉన్నాయి.

అంతలో మందలోంచి ఒక బాతు మనిషంత ఎత్తున లేచి నిలబడింది. దాని పక్కన ఇంకొకటి. ఇంకో రెండు. తెల్ల కోట్లు, తెల్ల ముసుగులు, చేతుల్లో తుపాకులు. నలుగురు మగాళ్ళు.

ఆమె పుట్టి పెరిగిన నేల మీద తెల్ల ముసుగుల్లో మగాళ్ళు పొలంలోంచి లేచి నిలబడటమంటే ఏమిటో ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. నల్లవాళ్ళని చంపడానికి తెల్లవాళ్ళు అలాంటి ముసుగుల్లోనే వచ్చేవాళ్ళని వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. అమ్మమ్మకి ఎవరో చెప్పింది కాదు, తనే చూసింది. వర్డెల్ కాళ్ళు కారు వైపు తిరగబోయాయి. తిప్పనివ్వలేదు. పరిగెత్తినవాళ్ళకి ఏమైందో ఆమెకు తెలుసు. టెలిస్కోపు వదిలేసి, వేళ్ళు విడివిడిగా కనబడేలా రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడింది.

వాళ్ళలో ఒకడు తుపాకీ పక్కవాడికిచ్చి బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. ముసుగు వెనక్కి తోశాడు. ఎర్రటి ముఖం, ముప్పై దాటి ఉంటాయి.

"మేడమ్, మీరా నారింజ కోటేసుకుని అక్కడ నిలబడితే ఈ జన్మలో ఒక్క బాతు దిగదు," అన్నాడు.

"ఇవి... ఇవి బొమ్మలా?" అని అడిగింది ఆమె.

"బొమ్మలే. అరుపులు డబ్బాలోంచి వస్తాయి." అతను వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరేయ్, మన బొమ్మలకి టెలిస్కోపు పెట్టిందిరా!" అక్కణ్ణించి నవ్వులు వినబడ్డాయి. "ప్రభుత్వం తరఫున వచ్చారా?"

"కాదు. పక్షుల్ని చూడ్డానికి వచ్చా."

"పొద్దున్నుంచి మేమూ అదే పనిలో ఉన్నాం. ఒక్కటీ కనబళ్ళేదు." అప్పుడతను ఆమె చేతులు చూశాడు. "అదేంటి మేడమ్, చేతులెందుకు ఎత్తారు? దించండి."

ఎకసెక్కమాడటం లేదు. అతనికి నిజంగానే తెలియదు. ఈ నేల మీదే పుట్టి, ఆ బట్టలే వేసుకుని, ఎందుకు ఎత్తిందో తెలియకుండా ముప్పై ఏళ్ళు బతికాడు. తుపాకుల కంటే అదే వర్డెల్‌ని ఎక్కువ భయపెట్టింది. చేతులు దించింది గానీ జేబుల్లో పెట్టుకోలేదు, కనబడేలానే ఉంచింది.

"నిజం బాతులు కావాలంటే లార్కిన్ బెండ్ ఊరి మురుగు చెరువులకి పోండి," అన్నాడు అతను. "అక్కడ తుపాకీ పేల్చకూడదని మాకంటే వాటికే బాగా తెలుసు. ఎవరైనా అడిగితే క్లేటన్ పంపాడని చెప్పండి."

ఆమె థాంక్స్ చెప్పి సామాను సర్దుకుంది. కారులో కూర్చుని తలుపులకి లోపలి నుంచి తాళం వేసుకుంది.

క్లేటన్ పంపాడు. మంచిమాటే చెప్పాడు. అయినా తొమ్మిదిమంది పెద్దవాళ్ళు, జీవితమంతా పన్నులు కట్టినవాళ్ళు, ఒక నీటి ఒడ్డున నిలబడటానికి ఒక తెల్లవాడి పేరు నోట్లో పెట్టుకుని వెళ్ళాలా? రేపు క్లేటన్‌కి కోపం వస్తే? వాళ్ళకి పరిచయం అక్కర్లేదు, హక్కు కావాలి. కానీ హక్కుని టెలిస్కోపులో పెట్టి చూపించలేం కదా, అదే గొడవ.

నిజానికి పక్షులు చూసేవాళ్ళెవరైనా కొత్త ఊరికెళ్తే ముందు అడిగేది మురుగు చెరువులెక్కడని. ఊరి మురికంతా నిలవపెట్టే ఆ గుంటల్లో పురుగు పుష్కలం, చలికాలం గడ్డకట్టని నీళ్ళు. బాతులకి అంతకంటే ఏం కావాలి? వర్డెల్‌కీ తెలుసు. తెలిసే దాటవేసింది. ఇస్త్రీ చేసిన బట్టలేసుకుని వచ్చే చర్చి ఆడవాళ్ళని, అంత అవమానం పడ్డాక, మురుగు దగ్గరికా తీసుకెళ్ళడం? ఆ పట్టింపుతోనే పొద్దుటి నుంచి పరాయివాళ్ళ గేట్ల ముందు తచ్చాడింది.

లార్కిన్ బెండ్ చివర గేటు తెరిచే ఉంది. రేకుల షెడ్డులోంచి నీలం యూనిఫాం వేసుకున్న నల్లజాతి మనిషి బయటికొచ్చాడు. తల నెరిసింది. చొక్కా మీద లియోటిస్ అని పేరు కుట్టి ఉంది.

"దారి తప్పారా మేడమ్?"

"లేదు. ఈ చెరువులే చూడాలి. నా పేరు వర్డెల్ టాలివర్, మెంఫిస్ నుంచి వచ్చాను."

"మెంఫిస్ నుంచి మా మురుగు చూడ్డానికి వచ్చారా, మిస్ వర్డెల్? మీ ఊళ్ళో లేదా?"

పొద్దుట్నుంచి మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది. "బాతుల కోసం, మిస్టర్ లియోటిస్."

"ఆఁ, ఏవో ఉంటాయి. నేనెప్పుడూ చూళ్ళేదు. ముక్కు మూసుకోవడమే సరిపోతుంది. లిటిల్ రాక్ నుంచి తెల్లవాళ్ళు ఇంతింత గొట్టాలు పట్టుకుని వస్తుంటారు."

"వాళ్ళనెవరైనా ఆపుతారా?"

"ఎందుకాపుతారు? ఊరి స్థలం ఇది. ఎవరైనా రావచ్చని బోర్డే ఉంది, గడ్డిలో పడిపోయింది గానీ."

"మనవాళ్ళెవరైనా వచ్చారా ఎప్పుడైనా?"

"మీరే మొదలు," అన్నాడు లియోటిస్.

గట్టెక్కి చూస్తే నిజం బాతులే. పారలాంటి ముక్కులున్నవి గుంపులు కట్టి, ఒకదాని తోక వెంట ఇంకొకటి, తిరగలిలా గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు జల్లించుకుంటున్నాయి. వాటికి ఆమె ఉందన్న స్పృహ కూడా లేదు. కానీ ఒడెల్ అడిగింది బాతుల సంగతి కాదు. వర్డెల్ గట్టు మీద, రోడ్డు మీది నుంచి బాగా కనబడే చోట, బైనాక్యులర్స్ ఎత్తి నిలబడింది. మధ్యాహ్నమంతా అక్కడే ఉండాలనుకుంది. రోడ్డు మీద టైరు చప్పుడైనప్పుడల్లా వీపు బిగుసుకుపోయేది. బాతుల్లో ఆడదేదో మగదేదో కూడా తలకెక్కలేదు.

ఎండ వాలుతుండగా షెరీఫ్ పోలీసుల బండి ఒకటి వచ్చి గేటు దగ్గర ఆగింది. దిగినవాడు కుర్రవాడు, మొటిమల మచ్చలు కూడా పోలేదు.

"ఫోనొచ్చింది మేడమ్. ఎవరో నీళ్ళలో ఏదో కలుపుతున్నారని."

షెడ్డులోంచి లియోటిస్ అందుకున్నాడు. "మురుగులో ఏం కలుపుతుంది బాబూ, సబ్బా?"

కుర్రవాడు నవ్వబోయి ఆపుకున్నాడు. గుర్తింపు కార్డు అడిగాడు. "పై జేబులో ఉంది, తీస్తున్నాను," అని చెప్పి మరీ తీసింది వర్డెల్. అతను దాన్ని పట్టుకుని బండిలో కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఆమె కదలకుండా నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బైనాక్యులర్స్ పట్టీని పట్టుకుంది. అతను తిరిగొచ్చి కార్డు ఇచ్చేశాడు.

"సరే మేడమ్. జాగ్రత్త."

దేనికి జాగ్రత్తో చెప్పలేదు. వెళ్ళబోతుంటే ఆమె పిలిచింది. "సర్, శనివారం ఇక్కడికి ఎనిమిదిమంది ఆడవాళ్ళని తీసుకొస్తున్నాను. ఫోనొస్తే మళ్ళీ వస్తారా?"

"ఫోనొస్తే రావాలి మేడమ్. మా పని అది."

"వచ్చి వాళ్ళని కింద కూర్చోబెడతారా?"

అతను ఆమె వైపు చూసి, తర్వాత నీళ్ళ వైపు చూశాడు. "శనివారం నా డ్యూటీ కాదు," అన్నాడు.

బండి వెళ్ళాక లియోటిస్ గేటు గొలుసు చేత్తో ఎత్తి చూపించాడు. "శనివారం గేటు తాళం వేస్తారు. పంపులు చూసుకోవడానికి నేను పొద్దున్నే వస్తాను. తీసి ఉంచుతా. మీరున్నంతసేపూ ఉంటా," అన్నాడు.

బుధవారం సాయంత్రం చర్చి కింది గదిలో ఆమె మొత్తం చెప్పింది. బొమ్మ బాతుల దగ్గర ఎత్తిన చేతులతో సహా.

"నలుగురు తెల్ల ముసుగులు, బాతుల మధ్యలోంచా? నేనైతే అక్కడే దేవుణ్ణి చేరేదాన్ని," అంది బర్నెటా. "పైగా మన జట్టు ప్రెసిడెంటుగారు పాతికేళ్ళు బస్సు తోలిన కళ్ళతో గుడ్డముక్కల్ని చూసి మురిసిపోయారు!" గది నవ్వింది. వర్డెల్ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

పోలీసు కుర్రవాడి సంగతి వచ్చేసరికి నవ్వులు పోయాయి. ఒకామె తన సంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "అక్కడ నిలబడ్డది నువ్వొక్కదానివి. ఒక్క మధ్యాహ్నం. అంతలోనే ఫోన్ చేశారు," అంది. "రావమ్మా నేను. నన్ను తిట్టుకోకు."

"ఎందుకు తిట్టుకుంటాను, సిస్టర్?" అంది వర్డెల్. అది సురక్షితమైన చోటని ఆమె చెప్పలేదు, కాదనీ అనలేదు. తనకే తెలియదు. దారి పొడుగునా ఆలోచించినా తేలలేదు. మామూలు చోటేనని ఒక్క చిన్న అబద్ధం ఆడితే శనివారం వ్యాను నిండుతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

ఒడెల్ అప్పటిదాకా మోకాలు రాసుకుంటూ కూర్చుంది. "మళ్ళీ ఫోన్ చేస్తారంటావా?" అని అడిగింది.

"చేస్తారనే అనుకుంటున్నా."

"వచ్చేవాడు ఎలాంటివాడో?"

"తెలీదు సిస్టర్ ఒడెల్. ఈసారి వచ్చినవాడు ఫరవాలేదు. వాడికి శనివారం డ్యూటీ లేదు."

"మరి బాతులు?"

"ఉన్నాయి. మీరు జన్మలో చూసి ఉండరు. గుండ్రంగా తిరుగుతాయి."

"కంపు?"

"చాలా."

ఒడెల్ తల పంకించింది. "నిరుడు నాకు ముందు ఎవరూ చెప్పలేదు. పిట్టని చూస్తూ చూస్తూ నేల మీద కూర్చున్నా. ఇంటికెళ్ళి ఏడ్చింది దానికే. ఇప్పుడు చెప్పావుగా. నేను ముడుచుకునే కుర్చీ తెచ్చుకుంటా. కూర్చోమంటే అందులో కూర్చుంటా, నేల మీద కూర్చోను. అది మాత్రం వాళ్ళకి చెప్తా."

"వాళ్ళు ఒప్పుకోకపోతే?" అంది సంచి ఒళ్ళో పెట్టుకున్నామె.

"అప్పుడు నన్ను ఎత్తాలి. నేను ఎత్తినవాళ్ళలో సగం బరువు కూడా ఉండను."

శనివారం వ్యానులో ఆరుగురే వచ్చారు. లియోటిస్ గేటు తీసి ఉంచాడు. పడిపోయిన బోర్డుని ఎత్తి రాయి ఆనించి నిలబెట్టాడు. బర్నెటా ముక్కుకి రుమాలు కట్టుకుని, "దీన్ని చూడ్డానికా వర్డెల్, నా కొత్త బూట్లేసుకొచ్చింది?" అంటూ గట్టెక్కింది. బాతులు తిరుగుతున్నాయి. అరగంట దాకా వర్డెల్ ఒక్క బాతునీ చూడలేదు, రోడ్డునే చూసింది.

ఒక తెల్ల ట్రక్కు వచ్చి, గేటు ఎదురుగా నెమ్మదించి, దాదాపు ఆగింది. ఒక్కసారిగా గట్టు మీద బైనాక్యులర్స్ అన్నీ దిగిపోయాయి. ఎవరూ చెప్పలేదు, వాటంతటవే దిగాయి. వర్డెల్ చెయ్యి పై జేబు మీదికి వెళ్ళింది. అద్దం వెనక ముఖం కనబడటం లేదు. ఇంజను అలాగే ఆడుతోంది.

రోడ్డు వైపున్న చెరువుకి ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఒడెల్ మాత్రం బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించుకునే ఉంది. "ఎవరమ్మా నా ముందుకొచ్చింది? పక్కకి జరుగు," అంది విసుగ్గా. "మూడోది తిరిగి వస్తోంది. మగది. తల ఆకుపచ్చగా ఉంది."

అడ్డొచ్చింది వర్డెలే. తెలియకుండానే ఒడెల్‌కీ రోడ్డుకీ మధ్య వెళ్ళి నిలబడింది. ట్రక్కుకి ఇంకా వీపు తిప్పలేదు. ఒడెల్‌కి బాతు కనబడేలా ఒక అడుగు పక్కకి వేసింది.